పూజ నాడు తిరిగిన మిషను

తలుపు మధ్యలో అద్దం ఉంది కాబట్టి మా అభిలాష్ వీపు నాకు కనబడుతోంది. మొహం కనబడదు. వీపు చాలు, కొడుకు వీపు చూస్తే లోపల వాడు నోరు విప్పడం లేదని తెలిసిపోతుంది. భుజాలు ముందుకు వంగి ఉన్నాయి, ఇనుము చెక్కే లేత్ మిషను మీద సన్నపని చేసేటప్పుడు అలా వంగుతాయి, నావీ అట్లాగే వంగేవని మేము పనిచేసిన షెడ్డులో అనేవాళ్లు. పిలుపు వచ్చినవాళ్లే లోపలికి రావాలి, తోడొచ్చినవాళ్లు బయట కూర్చోవాలి అన్నాడు గుమస్తా. సరే, కూర్చున్నాను. పంజాగుట్టలో ఈ బీమా ఆఫీసు రెండో అంతస్తు, కిటికీకి ఎదురుగా మెట్రో రైలు పోతుంది, పోయినప్పుడల్లా నా కింద బల్ల కొంచెం అదురుతుంది. ఆ అదురు నాకు బాగుంది. బతుకంతా మిషను పక్కన నిలబడ్డవాడికి కింద ఏదో ఒకటి అదురుతూ ఉంటేనే కుదురు. అమీర్‌పేటలో మా గల్లీ నుంచి నడిచే వచ్చాం తండ్రీకొడుకులం, దారిపొడుగునా ఒక్క మాట లేదు. కోచింగు సెంటరు కాగితాలు పంచే పిల్ల ఒకతె వాడికి ఇవ్వబోయి, వాడి మొహం చూసి ఎందుకో జంకి, నా చేతిలో పెట్టింది. "కంప్యూటర్ నేర్చుకో తాతా, డెమో ఫ్రీ" అంది. మూడో తరగతి దాటలేదు బిడ్డా నేను అందామనుకున్నాను, అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అందామనుకున్న మాటల్లో సగం నాకు అట్లా లోపలే ఉండిపోతాయి.

వాడి మీద వచ్చిన మాట ఏమిటంటే, పని పోయిందని బీమా సొమ్ము తీసుకుంటూ దొంగచాటుగా ఆ తీసేసిన షెడ్డులోనే పని చేస్తున్నాడని. నెలనెలా పనివాళ్ల జీతంలోంచి ఇంత అని బీమాకు కోస్తారు, పని పోయినవాడికి కొన్నాళ్లు సగం జీతం దాన్లోంచే ఇస్తారు, మంచి సంగతి, నా కాలంలో ఇది లేదు, నా కాలంలో పని పోతే పోయినట్టే. అయితే మంచి సంగతి ఉన్నచోట దాన్ని నాకేవాడు కూడా ఉంటాడు. పని చేస్తూనే లేదని రాయించుకునేవాళ్లు, వేరేవాడి ఆధార్ మీద తినేవాళ్లు. అందుకని ఇప్పుడు సర్కారు గట్టిగా పట్టుకుంటోంది. మొహం ఫోనుకు చూపించమంటారు, చెప్పాపెట్టకుండా షెడ్లకు వస్తారు, చుట్టుపక్కల అడుగుతారు, ఫోన్లలో తిరిగే వీడియోలు కూడా చూస్తారు. దొంగ అని తేలితే తీసుకున్నది తిరిగి కట్టాలి, అది పోనీ, ఎట్లాగో కడతాం. పేరు కొట్టేస్తారు, బీమా దవాఖాన కార్డు ఆగిపోతుంది. కార్డు ఆగితే భూలక్ష్మి ఆగిపోతుంది. ఈ మాట ఇంట్లో నేను పైకి అనలేదు, అభిలాష్ అనలేదు, కోడలు అనుపమ అనలేదు. అందరికీ తెలుసు.

భూలక్ష్మి నా ఇంటామె. ఈ గంటలో ఆమె సనత్‌నగర్ దవాఖానలో పడుకుని ఉంటుంది, అనుపమ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఆమె కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఒంట్లో రక్తం గొట్టంలోంచి బయటికి వచ్చి, మిషనులో కడుక్కుని, మళ్లీ ఒంట్లోకి పోతుంది. మొదటిసారి చూసినప్పుడు గోడ పట్టుకున్నాను. డాక్టరు ఏదో చెబుతున్నాడు, వినబడలేదు, తర్వాత మిషను చప్పుడు వినబడింది. దానికి గిర్రున తిరిగే చిన్న చక్రం ఒకటి ఉంది, అది గొట్టాన్ని నొక్కుతూ రక్తాన్ని ముందుకు తోస్తుంది, ఎక్కడా తట్టుకోకుండా ఒకే తీరుగా తిరుగుతోంది, బేరింగు మంచిది. ఆ చప్పుడు విన్నాక ధైర్యం వచ్చింది. కొడుకు కార్డు మీద తల్లికి ఇంత చేస్తున్నారు, నువ్వెవరు, నీ కులమేంది, ఎంత తెచ్చావు అని ఎవరూ అడగలేదు. బాలానగర్‌లో, జీడిమెట్లలో, మా సనత్‌నగర్‌లో చేతులు నల్లగా చేసుకునే ప్రతివాడి జీతంలోంచి కొంచెం కొంచెం కోసి ఆ మిషను తెచ్చిపెట్టారు, వాళ్ల పేర్లు నాకు తెలియవు, వాళ్లకు భూలక్ష్మి తెలియదు. దవాఖాన మెట్లెక్కేటప్పుడు నేను చెప్పులు చేతపట్టుకుంటాను, గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వుతాడు, "పెద్దాయనా, గిది గుడి కాదు" అంటాడు, నేను తలూపుతాను, చెప్పులు మాత్రం వేసుకోను.

మొన్న దసరాకు ఆయుధపూజ నాడే ఆమెకు డయాలసిస్ పడింది. కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని పోయింది. "సిస్టర్, గీ మిషన్‌కు జర బొట్టు పెట్టుకుంట" అని అడిగింది. ఆ సిస్టరు, హైందవి అని చిన్నపిల్ల, కంగారు పడింది. "వద్దమ్మా, పెద్ద డాక్టర్ చూస్తే నన్నంటడు." "ఏడాదంత నా నెత్తురు కడుగుతున్నది, దానికి గింత బొట్టు లేకపోతే ఎట్ల బిడ్డా." సిస్టరు అటూ ఇటూ చూసి, కింద చక్రం దగ్గర ఎవరికీ కనబడని చోట ఒక చుక్క పెట్టుకోనిచ్చింది. భూలక్ష్మి వంగలేదు, నేనే వంగి పెట్టాను. అదే పొద్దున దవాఖానకు బయలుదేరే ముందు కొడుకు చేతికి పూలు, నిమ్మకాయలు సంచిలో పెట్టి ఇచ్చింది. వాడికి పని పోయి అప్పటికి కొన్ని వారాలు. "నౌకరి పోతే పోయింది, మిషన్ ఏం చేసింది మనకు. పోయి పూజ చేసి రాపో" అంది. వాడు సంచి తీసుకున్నాడు.

ఆ మిషను ముందు నాది. నల్లటి పాత లేత్, దాని ముక్క బిగించే చక్ మూత మీద ఒక సొట్ట ఉంది, షెడ్డు ఓనరు రాఘవేందర్ సేటు తండ్రి హయాంలో క్రేను తగిలి పడిన సొట్ట. నా కళ్లు మసకబారాక దాని ముందు అభిలాష్ నిలబడ్డాడు, నిలబడిన నాటి నుంచి నాకన్నా మంచి పనివాడు. మా షెడ్డులో పూజకు ఒక తీరు ఉంది. మిషన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూలదండలు వేసి, సేటు గుమ్మడికాయ కొట్టాక, ఎవరి మిషనును వాళ్లు ఒక్కసారి నడిపి ఆపాలి. వేరేవాళ్ల చెయ్యి పడితే ఏడాదంతా సతాయిస్తుందని. పని మానేసినవాళ్లు కూడా ఆ రోజు వచ్చి నడిపి పోతారు, మోకాళ్లు సహకరించినన్నాళ్లు నేనూ పోయాను. మిషను గుర్రుమని లేవగానే దండ ఊగుతుంది, పూలు రాలుతాయి, అందరూ చప్పట్లు కొడతారు, తర్వాత పులిహోర. ఇది పని అని మాకెవరికీ ఎప్పుడూ తోచలేదు. సేటు కొడుకు రిషి ఫోనులో వీడియో తీసి స్టేటస్ పెట్టాడు, నలుగురు మనుషులు, నలుగురి ముందూ తిరుగుతున్న మిషన్లు, మా వాడి చెయ్యి హ్యాండిల్ మీద. ఆ వీడియో ఎవరో ఈ ఆఫీసుకు పంపారు. ఎవరో తెలుసుకోవాలని నాకు లేదు.

చిక్కు ఎక్కడంటే, ఆ నలుగురిలో ముగ్గురు నిజంగానే పని చేస్తున్నారు. ఆర్డర్లు తగ్గినప్పుడు రాఘవేందర్ సేటు నలుగురినీ పిలిచాడట. "కాయితాల మీద తీసేస్త, పొద్దుగాల మామూలుగనే రాండ్రి. సగం సర్కారిస్తది, సగం నేనిస్త, మీకేం ఫికరు?" ముగ్గురు సరే అన్నారు. మా వాడు "నాతోని కాదు సేట్" అని టిఫిన్ డబ్బా తీసుకుని వచ్చేశాడట. ఈ ముక్క వాడు నాకు చెప్పలేదు, సూర్యనారాయణ చెప్పాడు. సూర్యనారాయణ గోదావరి వైపు మనిషి, నా పక్క లేత్ మీద ఎన్నో ఏళ్లు పనిచేసి తర్వాత మా వాడి పక్కన పనిచేశాడు. ఆ ముగ్గురిలో ఒకడు. వాడి నోటికి తాళం లేదు, నా నోటికి తాళం తీయడమే లేదు, అందుకని మా జోడీ కుదిరింది. "ఏంటి బాబాయ్, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అనేవాడు, నేను బీడీ ఇచ్చేవాణ్ణి, అదే జవాబు. చెప్పేటప్పుడు మాత్రం తల దించుకున్నాడు. "నీ కొడుకు కాదన్నాడు బాబాయ్. నేను కాదనలేకపోయాను. మా అమ్మాయి ధాత్రికి కోచింగు మధ్యలో ఆపమని ఎలా చెప్పను?"

షెడ్డులో గేజు అని ఒకటి ఉండేది. తయారైన ముక్కను దానిలోకి తోస్తే సరిగ్గా పోవాలి. పోతే పాసు, పోకపోతే స్క్రాపు. ముక్క చేసింది ఈ కనకయ్యా, ఆ సూర్యనారాయణా అని గేజు అడగదు. మొదట్లో దాన్ని తిట్టుకునేవాణ్ణి, తర్వాత తెలిసింది, అది లేకపోతే మా ముక్క పోయి ఏ బస్సు బ్రేకులోనో విరుగుతుంది. ఈ ఆఫీసువాళ్లు చేస్తున్నదీ అదే కదా అనుకుంటాను. పట్టుకోవాలి. దొంగలు తినేస్తే ఆ చక్రం ఆగిపోతుంది, భూలక్ష్మి పక్క మంచంలో పడుకునే ఉదయలక్ష్మి గొట్టం ఆగిపోతుంది. గట్టిగా పట్టుకోండి అంటాను నేను. అంటూనే ఆ అద్దంలోంచి కొడుకు వీపు చూస్తాను.

లోపల కూర్చున్న మేడం పేరు కుసుమకుమారి. పోయిన వారం చెప్పకుండా మా ఇంటికి వచ్చింది, గల్లీలో కారు పట్టక నడుచుకుంటూ, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని. మంచం మీద భూలక్ష్మిని చూసింది, మందుల డబ్బా చూసింది. నేను కుర్చీ వేశాను. ఆమె నా మొహం చూసి ఏమనుకుందో, "ఇల్లు చూసి జాలిపడితే ఎవర్నీ పట్టుకోలేమండీ" అంది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. తర్వాత వాణ్ణి అడిగింది, "వీడియోలో మిషను తిరుగుతోంది, చెయ్యి నీది. పని కాకపోతే ఏంటది?" "పూజ మేడం." "నలుగురూ పూజే చేశారా?" "నా సంగతి అడుగుండ్రి మేడం." "మీ సేటు నలుగురూ మానేశారంటాడు. పక్క షెడ్డువాళ్లు రోజూ మిషన్ల చప్పుడు వినిపిస్తోందంటున్నారు. ఎవరో పని చేస్తున్నారు కదా బాబూ. ఎవరో నువ్వు చెప్పు, లేదా నువ్వు చేయడం లేదని ఇంకొకరు చెప్పాలి. అప్పటిదాకా నిన్నొక్కణ్ణి ఎలా విడదీయను?" భూలక్ష్మి మంచం మీంచే, "చాయ తాగి పో బిడ్డా" అంది. మేడం తాగలేదు. అయితే పిలవకుండానే పేరు కొట్టెయ్యొచ్చు ఆమె, అయినా ఆఖరుసారి ఆఫీసుకు రమ్మని పిలిచింది, ఆ సంగతి షెడ్డులోనూ తెలిసింది. పిలిచి అడిగేవాళ్లు ఉండటం కూడా చిన్న సంగతి కాదు, నన్ను చిన్నప్పటి నుంచి ఎవరూ ఏమీ అడగకుండానే పక్కకు పెట్టారు, బడిలోంచి తీసేటప్పుడు అడగలేదు, ఊర్లోంచి బండెక్కించేటప్పుడు అడగలేదు.

మూడు పేర్లు చెప్తే వాడు బయటపడతాడు. చెప్పరా అని నేను అనలేదు. చెప్పకు అని కూడా అనలేదు. ఏది అన్నా ఎవరో ఒకరి గొట్టం మీద కాలు వేసినట్టే. నిన్న సాయంత్రం ఇంట్లో ఉండబుద్ధి కాక బస్సెక్కి సనత్‌నగర్‌లో సూర్యనారాయణ ఇంటికి పోయాను. ఏం అడుగుదామని పోయానో నాకే తెలియదు. ధాత్రి చాయ తెచ్చింది, ఎంత పొడుగైందో, తండ్రి నవ్వే వచ్చింది. "తాతగారూ, నాన్న మీ గురించి చెప్తూనే ఉంటారు, మీ దగ్గరే పని నేర్చుకున్నారంట కదా. కాలేజీలో అందరికీ చెప్తాను, మా నాన్న జ్వరంతో కూడా పని మానడని." సూర్యనారాయణ టీవీ చప్పుడు పెంచాడు. తర్వాత వాడే మాట్లాడాడు, వానల గురించి, చేపల ధర గురించి, మెట్రోలో ఎవరితోనో జరిగిన గొడవ గురించి, మాట్లాడీ మాట్లాడీ పాత పంపులా మధ్యమధ్య గాలి తీయడం మొదలుపెట్టాడు. నేను చాయ తాగి గ్లాసు కింద పెట్టి లేచాను. గల్లీ చివరిదాకా వచ్చాడు. "ఏదైనా చెప్దామని వచ్చావా బాబాయ్?" "లే. చూసి పోదామని." బస్సు వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చూస్తే వాడు అక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ కట్టుకుని, చలి వేసినట్టు.

మళ్లీ మెట్రో పోయింది, బల్ల అదిరింది. అద్దంలో మేడం ఏదో అడుగుతోంది, అభిలాష్ తల అడ్డంగా ఊపాడు. మేడం పెన్ను తీసుకుంది. జేబులో కోచింగు కాగితం తీసి ఇంకో మడత వేశాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్నారు, మధ్యలో ఆగి, మళ్లీ ఎక్కుతున్నారు. తల తిప్పితే సూర్యనారాయణ. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికి వచ్చినవాడిలా ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు, కుదరలేదు. "లోపలేనా?" అన్నాడు. తలూపాను. తలుపు తోశాడు.

"ఏయ్, పిలిస్తేనే లోపలికి పోవాలె" అన్నాడు గుమస్తా.

"పిలిచేదాకా ఆగితే నేను వెనక్కి పోతానండీ" అని లోపలికి పోయాడు. తలుపు వెనక్కి పడలేదు, ఓరగా ఉండిపోయింది, మాటలు వినబడుతున్నాయి.

"ఈ కుర్రాడు పని చేయట్లేదండీ. ఆయ్, వీడియోలో తిప్పాడు, అది పూజకి. పని చేసేది నేను. రోజూ వెళ్తున్నాను, మీ సొమ్మూ తీసుకున్నాను."

పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత మేడం గొంతు, మెత్తగానే, "నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండీ. నిన్న ఒకాయన మా ఇంటికొచ్చి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టుంటే నేనూ నాలుగు తిట్టి పడుకునేవాణ్ణి. మిగతావాళ్ల పేర్లు మాత్రం నన్నడక్కండి, నా మట్టుకు నేను చెప్పుకున్నాను."

"వాళ్ల సంగతి, మీ సేటు సంగతి మేం చూసుకుంటాం. నువ్వు తీసుకున్నది కట్టాలి. అది నేను మాఫీ చేయలేను. నీ అంతట నువ్వే వచ్చావని మాత్రం రాస్తాను." కుర్చీ కదిలిన చప్పుడు. "నువ్వు వెళ్లు బాబూ. నీ పేరు ఈ ఫిర్యాదులోంచి తీసేస్తున్నాను. అమ్మగారి వైద్యానికి ఇబ్బంది ఉండదు."

నా లోపల ఏదో, ఎన్నాళ్లుగానో బిగించి ఉన్నది, ఒక చుట్టు వదులైంది. కిటికీ వైపు చూశాను, ఎండ ఎప్పటిలాగే ఉంది, ఫ్లైఓవర్ మీద బండ్లు ఎప్పటిలాగే హారన్లు కొడుతున్నాయి. అక్కడ ఆ చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది, రేపూ తిరుగుతుంది, ఎల్లుండీ. ఎవరికి దండం పెట్టాలి నేను? ఇంటికి నడుచుకుంటూ వచ్చి చాయ తాగకుండా పోయిన ఆ తల్లికా, పేర్లు చెప్పని నా కొడుక్కా, సనత్‌నగర్‌లో ఇప్పుడు ఏ మిషను ముందో నిలబడి ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లకా. అభిలాష్ బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బాపూ, అనుపమకు ఫోన్ చేసొస్త" అన్నాడు. "చెయ్యి" అన్నాను. వాడు వరండా చివరకు పోయాడు, ఫోను చెవికి పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు, భుజాలు వెనక్కి పోయాయి.

సూర్యనారాయణ చాలాసేపటికి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. "అయిపోయింది బాబాయ్" అన్నాడు. "కట్టమన్నారు, కడతాను. సేటు ఇక గేటు దాటనివ్వడు, పోనీ, లేత్ తిప్పేవాడికి ఎక్కడో చోట దొరుకుద్ది." అలవాటుగా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు. చేతులు చూసుకున్నాడు, గోళ్ల సందుల్లో ఎంత తోమినా పోని నలుపు. "ధాత్రికి ఎలా చెప్పను? ఇన్నాళ్లు అబద్ధం సొమ్ము తిన్నాను అని ఏ మొహంతో చెప్పను బాబాయ్. అది నా గురించి ఊరంతా చెప్పుకుంటది."

నా కడుపులో ఉన్నది ఏ మాటలో పడుతుందో నాకు తెలియలేదు. థాంక్స్ అంటారు, పిల్లలు ఊరికే అంటారు, నా నోటికి అది కొత్త చెప్పులా ఉంటుంది. వాడి భుజం మీద చెయ్యి వేశాను, వణుకుతోంది, మిషను ఆపేశాక కూడా కాసేపు వణుకుతుందే, అట్లా.

"పా" అన్నాను. "నీతోని నేనొస్త. బిడ్డకు నేను చెప్త."

వాడు తలెత్తి నన్ను చూశాడు. "నువ్వా? నువ్వు చెప్తావా బాబాయ్?"

"ఊఁ."

అభిలాష్‌ను దవాఖానకు పొమ్మన్నాను, తల్లిని ఇంటికి తీసుకుపొమ్మన్నాను. మేము ఇద్దరం మెట్లు దిగాం, వాడు నా మోకాళ్ల కోసం ఆగుతున్నాడు, నేను వాడి కోసం ఆగుతున్నాను. రోడ్డు మీద సనత్‌నగర్ బస్సు కోసం నిలబడ్డాం. చుట్టూ మెట్రో దిగినవాళ్లు తోసుకుంటూ పోతున్నారు, నాకేమీ వినబడటం లేదు, నేను మాటలు పేర్చుకుంటున్నాను, ఒకటి పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి. తప్పు సంగతి చెప్పాలి, దాచొద్దు, పిల్ల తెలివైనది. కానీ అది రెండోది. మొదట కూర్చోబెట్టాలి. బిడ్డా ధాత్రీ, మా ఇంటామె ఇయ్యాల బతికున్నదంటే మీ నాయిన వల్లనే. అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అది విన్న తర్వాత మిగతాది ఆ పిల్ల తండ్రి పక్కన కూర్చునే వింటుంది.